మబ్బులో మొదటి గాటు

నా కుట్టు కారుతుందని మా ఆయన ఎన్నిసార్లు అన్నాడో నేను లెక్క పెట్టలేదు గానీ, అన్న ప్రతిసారీ ఒళ్ళు మండిన మాట మాత్రం నిజం. మా ఊళ్ళో ఎవరినైనా అడిగి చూడండి. రెయిన్‌కోటు కావాలన్నా, లారీ మీద కప్పే టార్పాలిన్ కావాలన్నా, డేరా కావాలన్నా నా కొట్టుకే వెళ్ళమంటారు. పోస్టుమాన్ నేను కుట్టిన కోటు వేసుకుని జోరువానలో ఊరంతా తిరిగొచ్చి, లోపలి జేబులోంచి పొడి రుమాలు తీసి మొహం తుడుచుకుంటాడు. అలాంటి నన్ను పట్టుకుని, కట్టుకున్న మొగుడు, అదీ తన ఆఫీసు హాల్లో నలుగురి ముందూ, "మళ్ళీ కారిందోయ్ నీ కవరు" అనేవాడు.

ఆయన ఆఫీసంటే వాతావరణ కేంద్రం. ఊరి చివర పెద్ద మైదానం, మైదానం మధ్యలో రెండు షెడ్లు, ఒక రేడియో గది, ఒక హాలు. మా క్వార్టర్సు దాని గోడ పక్కనే. ఉరుములు మొదలయ్యే కాలం వచ్చిందంటే అక్కణ్ణుంచి మబ్బుల్లోకి బెలూన్లు వదులుతారు. ఒక్కో బెలూన్ కింద ఒక పెట్టె వేలాడుతుంది. అది మబ్బు లోపల కరెంటు బలం ఎంతుందో కొలుస్తూ, ఆ కొలతలు రేడియోలో కిందికి చెబుతూ పోతుంది. ఆ పెట్టె తడవకుండా తొడిగే కవరు కుట్టేది నేను. కుట్టి, కుట్టు పొడుగునా రబ్బరు జిగురు పూసి, ఆరాక మళ్ళీ పూసి, వదిలే ముందు మైదానంలోకి వెళ్ళి నా చేత్తో తొడిగి ఆఖరి ముడి కూడా నేనే వేస్తాను. ఇంకొకళ్ళని వెయ్యనివ్వను. అది నా పొగరు అనుకోండి, ఏమైనా అనుకోండి.

మా ఆయన ఆ కేంద్రానికి పెద్ద. నేను చెబుతున్న ఉరుముల కాలం ఆయన ఉద్యోగంలో చివరిది. అది ముగియగానే పై ఆఫీసు వాళ్ళూ, తోటి కేంద్రాల వాళ్ళూ వస్తారు, వాళ్ళ ముందు ఆయన ఆఖరి ఉపన్యాసం ఇచ్చి కుర్చీ దిగుతాడు. ఉద్యోగమంతా ఆయన వెతికింది ఒక్కదానికోసమే. మా ఇంట్లో దాని పేరు "గట్టి చోటు".

నాకు అర్థమైనట్టు చెబుతాను. గాలి మహా మొండిది, కరెంటుని తనలోంచి ఊరికే పోనివ్వదు. గాలిని చీల్చాలంటే చాలా బలం కావాలి. తీరా చూస్తే, మబ్బుల్లోకి బెలూన్లు పంపినవాళ్ళెవరికీ అంత బలం ఎక్కడా దొరకలేదు. అందులో పదో వంతు దొరికితే గొప్ప. అయినా మెరుపు మాత్రం మానకుండా మెరుస్తూనే ఉంది. "అంటే మబ్బులో ఎక్కడో ఒక గట్టి చోటుంది" అనేవాడు మా ఆయన. "చిన్నది. మన పెట్టెలు దాని పక్కనుంచి పోతున్నాయి. మెరుపు పుట్టేది అక్కడే. ఒక్కసారి దాని మధ్యలోంచి పోనీ, చూద్దువుగాని."

అన్నం తింటున్నా గట్టి చోటే, పళ్ళు తోముకుంటున్నా గట్టి చోటే. ఒకరోజు సాయంత్రం పెరట్లో కూర్చుని, ఎప్పుడూ అనని మాట కూడా అన్నాడు. "అది దొరక్కుండా దిగిపోతే, ఇన్నేళ్ళూ నేనేం చేసినట్టోయ్?" నేను ఏదో జోకు వెయ్యబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

సరిగ్గా ఆ ఏడే మా ఇంటికి కోడలొచ్చింది. మా వాడు బడిలో లెక్కల మాస్టారు. పెళ్ళి చేసుకుంటానని తెచ్చిన పిల్ల మెరుపుల మీదే చదువుకున్నదని తెలిసేసరికి మా ఆయన మురిసి ముక్కలైపోయాడు. "ఒరే, నువ్వు పెళ్ళాన్ని తెచ్చుకున్నావా, నాకు అసిస్టెంటుని తెచ్చావా?" అన్నాడు. కేంద్రంలోనే ఉద్యోగం వేయించుకుంది ఆ పిల్ల. నేనైతే, గట్టి చోటు గోల వినడానికి ఇంట్లో ఇంకో జత చెవులు దొరికాయని సంబరపడ్డాను. ఆ చెవుల వెనక ఒక బుర్ర కూడా ఉందని అప్పటికి ఆలోచించలేదు.

ఒక మధ్యాహ్నం నేను కవర్లకి గుడ్డ కత్తిరిస్తుంటే వచ్చి మిషను పక్కన స్టూలు మీద కూర్చుంది.

"అత్తయ్యా, మీరు గుడ్డ ఎలా చింపుతారు?"

"ఎలా ఏముంది? కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి లాగుతా. సర్రున పోతుంది."

"గాటు పెట్టకపోతే?"

"గాటు లేకుండా ఈ గుడ్డని లాగితే నా భుజాలు ఊడతాయి గానీ గుడ్డ చిరగదు."

ఆ పిల్ల నవ్వింది. "మావయ్య ఆ భుజాల బలం కోసం వెతుకుతున్నారు. నాకేమో, గాటు ఎవరు పెడుతున్నారో చూడాలని ఉంది."

కత్తెర పక్కన పెట్టి, చెప్పమన్నాను. మబ్బు లోపల మంచు పలుకులు గాలితో పైకి పోతుంటాయట, మెత్తటి వడగళ్ళు బరువుకి కిందికి జారుతుంటాయట. దారిలో గుద్దుకుంటాయి. గుద్దుకున్నప్పుడల్లా కాస్త కరెంటు చేతులు మారుతుంది. తేలికవి ప్లస్సు మోసుకుని పైకి పోతాయి, బరువైనవి మైనస్సు పట్టుకుని కింద ఉండిపోతాయి. "ఇక్కడిదాకా మావయ్యకీ నాకూ పేచీ లేదు" అంది.

"మరి పేచీ ఎక్కడ?"

"నక్షత్రాల అవతలనుంచి కంటికి కనపడని కణాలు ఎప్పుడూ మన మీద రాలుతూనే ఉంటాయి అత్తయ్యా."

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడు కూడా."

నేను నెత్తి తడుముకున్నాను. ఆ పిల్ల మళ్ళీ నవ్వి, "మనకేం కాదులెండి" అంది. "అలాంటిదొకటి మబ్బులో దూరి గాలిని గుద్దుతుంది. అందులోంచి ఎలక్ట్రాన్లు ఊడి పరిగెత్తుతాయి. మబ్బులో ఉన్న కాస్త బలమే వాటికి చాలు, అవి ఇంకొన్నిటిని ఊడగొడతాయి, అవి ఇంకొన్నిటిని. ఆ గుంపు పరుగులో ఎక్స్-రే కిరణాలు పుడతాయి. ఎక్కడో ఒక మంచు సూది మొన దగ్గర నిప్పు అంటుకుంటుంది. అదే గాటేమోనని నా అనుమానం. అనుమానమే, రుజువు లేదు."

గుమ్మంలోంచి మా ఆయన గొంతు వినపడింది. "ఏం అమ్మాయ్, మా ఆవిడకి కూడా మందు పెట్టేస్తున్నావా?"

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ పూట భోజనాల దగ్గర ఇద్దరూ పట్టుకున్నారు. ఆయన గ్లాసుల్ని మబ్బులు చేస్తే, ఈ పిల్ల చెంచాల్ని కణాలు చేసింది. అన్నం చల్లారిపోయింది. నేను మా వాడివైపు చూశాను, నువ్వైనా చెప్పరా అని.

"నేను ఎవరి పార్టీ కాదు" అన్నాడు వాడు. "ఆ కూర కాస్త ఇటు జరపండి."

అప్పట్లో అది సరదాగానే ఉండేది. మొదటి ఉరుము వినపడేదాకా.

ఆ రోజు మబ్బు పడమటనుంచి నల్లగా లేచింది. నేను కవరు తొడిగి ముడి వేశాను. బెలూన్ వదిలారు. అందరం రేడియో గదిలోకి పరిగెత్తాం. అక్కడ ఎప్పుడూ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునే ఆపరేటర్ ఒకాయన ఉంటాడు, ఆయన్ని అందరూ చెవులాయన అంటారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పెట్టె పైనుంచి చెప్పేదంతా ఆయన ముందు కాగితపు చుట్ట మీద రెండు గీతలుగా పడుతుంది. ఒక గీత కరెంటు బలం. రెండోది, పెట్టెలోనే ఉండే ఒక చిన్న గొట్టం చెప్పే లెక్క. కంటికి కనపడని కిరణాలు తగిలినప్పుడల్లా అది ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. పై ఆఫీసు పెట్టి తీరాలంది కాబట్టి మా ఆయన పెట్టించాడు తప్ప, దాని మొహం చూసేవాడు కాదు.

బెలూన్ మబ్బు నడుముకి చేరింది. ఉన్నట్టుండి ఆ రెండో గీత పిచ్చెత్తినట్టు పైకి లేచింది.

"తడి" అన్నాడు మా ఆయన.

అదీ ఆ కేంద్రం పద్ధతి. గొట్టం లెక్క అలా ఎగిరిందంటే లోపలికి నీళ్ళు పోయి తీగలు కలిసినట్టు. తడి అన్న బెలూన్ ఇంక లెక్కలోకి రాదు, దాని పెట్టె ఎక్కడ పడిందో కూడా ఎవరూ వెతకరు. ఆ కాగితపు చుట్ట తిన్నగా చెత్తబుట్టలోకి పోతుంది. నేను మళ్ళీ కొత్త గుడ్డ, కొత్త జిగురు, రెండు వరసల కుట్టు అంటూ కూర్చోవాలి. ఏళ్ళ తరబడి ఇదే వరస.

"నా కుట్టు కారదు" అన్నాను, అలవాటు ప్రకారం.

"కారకపోతే అదెందుకు ఎగురుతుందోయ్?" అన్నాడు ఆయన, అలవాటు ప్రకారం.

అప్పుడు కిటికీ బయట మెరుపు మెరిసింది. అలవాటు ప్రకారం జరగనిది ఆ తర్వాత జరిగింది. మా కోడలు కాగితం మీదికి వంగి, "మావయ్యా, ఇటు చూడండి. మెరుపు మెరవగానే లెక్క మళ్ళీ మామూలైపోయింది" అంది.

"అయితే?"

"నీళ్ళు పోయి ఉంటే, మెరుపు మెరవగానే ఆరిపోతాయా?"

 చెవులాయన హెడ్‌ఫోన్లు సర్దుకున్నాడు, అప్పుడే వాటితో ఏదో పని పడ్డట్టు. మా ఆయన చుట్టని మిషను నుంచి చింపి, ఉండ చేసి బుట్టలో పడేశాడు.

"ఉరుము అదురుకి తీగలు విడిపోయి ఉంటాయి. నువ్వు కొత్తదానివి. నాలుగు కాలాలు చూశాక నీకే తెలుస్తుంది" అన్నాడు.

నాలుగు కాలాలు! ఆయన చేతిలో ఉన్నది ఆ ఒక్కటే. ఆయన బయటికి వెళ్ళాక ఆ పిల్ల బుట్టలోంచి ఆ ఉండ తీసి, సాపు చేసి, మడిచి దాచుకుంది. నేను చూశాను. ఆమె కూడా నేను చూడటం చూసింది.

ఆ తర్వాత నుంచి ఇంట్లో మాటలు పొదుపైపోయాయి. "మావయ్యని భోజనానికి రమ్మనండి అత్తయ్యా." "ఆ అమ్మాయిని లైటు ఆర్పమను." పక్కపక్క గదుల్లో ఉండి నాచేత టపా మోయించారు ఇద్దరూ. నాకు చిర్రెత్తుకొచ్చి ఒకరోజు, "నేను కూడా బెలూన్ కట్టుకుని తిరుగుతాను, అందులో చెప్పుకోండి మీ మాటలు" అన్నాను. నవ్వారు ఇద్దరూ, ఎవరి గదిలో వాళ్ళు.

కాలం చివరికొచ్చింది. మబ్బులొచ్చాయి, పోయాయి. గట్టి చోటు దొరకలేదు. మా ఆయన బుగ్గలు లోపలికి పోయాయి. మ్యాపుల మీద గంటల కొద్దీ కూర్చుని, ఆఖరికి ఒక లెక్క తేల్చాడు. మబ్బు ఫలానా ఆకారంలో ఉన్నప్పుడు, ఫలానా ఎత్తున, దాని ముందు భాగంలో గట్టి చోటు ఉండి తీరాలి. అలాంటి మబ్బు రావాలి, దాని ఎదురుగా మనం వదలాలి. "ఒక్కటి చాలు" అనేవాడు, ఎవరితోనో బేరం ఆడుతున్నట్టు.

ఉపన్యాసానికి ఇంకో వారం ఉందనగా వచ్చిందండీ ఆ మబ్బు. మిట్టమధ్యాహ్నం చీకటి పడింది. మైదానంలో గాలి మమ్మల్ని నిలబడనివ్వలేదు. బెలూన్‌ని నలుగురు పట్టుకున్నా గింజుకుంటోంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని పెట్టెకి కవరు తొడుగుతుంటే మా ఆయన నా తల మీద కోటు పట్టుకుని నిలబడ్డాడు. "కానీ, కానీ, తొందరగా" అంటున్నాడు. ఆయన అరిచినంత మాత్రాన నేను తొందరపడే మనిషిని కాదు. కుట్టు చుట్టూ వేలు పోనిచ్చి చూసుకుని మరీ ముడి వేశాను.

ఆ బెలూన్ ఆయన గీసిన గీత మీద పోయినట్టు పోయింది. అన్న ఎత్తుకి చేరింది, అన్న చోటికి చేరింది. మా ఆయన చెవులాయన భుజం మీద చెయ్యి వేసి వంగి చూస్తున్నాడు. 

బలం గీత పెరగలేదు. కావలసిన దాంట్లో పదో వంతు దగ్గర ఊగుతూ ఉంది. రెండో గీత మాత్రం లేచింది. మెల్లగా, తర్వాత జోరుగా, తర్వాత కాగితం అంచుదాకా. చెవులాయన హెడ్‌ఫోన్లు ఒక్కసారిగా లాగేసి చెవి రుద్దుకున్నాడు. కిటికీలన్నీ తెల్లబడ్డాయి. దాన్ని వెన్నంటే ఉరుము, నేల కదిలినట్టు. మెరుపు మా పెట్టె పక్కనే పుట్టింది. రెండో గీత కిందికొచ్చి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మామూలుగా నడిచింది.

గట్టి చోటు అక్కడ లేదు. మెరుపు మాత్రం అక్కడే పుట్టింది.

మా ఆయన నిటారుగా నిలబడ్డాడు. "తడి" అన్నాడు. ఈసారి ఆ మాట నెమ్మదిగా వచ్చింది.

మా కోడలు చుట్టని ఆయన చింపేలోపే తన చెయ్యి దాని మీద పెట్టింది. "పెట్టె తెస్తాను మావయ్యా. చూసి చెబుదురుగాని."

బెలూన్ పగిలి పెట్టె ఎక్కడ పడిందో వెతుక్కుంటూ మర్నాడు పొద్దున జీపు వేసుకుని వెళ్ళి తెచ్చింది. దొరకడం దొరికింది గానీ, ఎక్కడ దొరకాలి? ముళ్ళకంపల మీద పడి, జారి, బురద గుంటలో మునిగి ఉందట. కవరు చిరిగిపోయింది. పెట్టె లోపల నిండా తడి. ఇప్పుడు తేల్చాల్సింది ఒక్కటే. ఆ తడి పైన మబ్బులో చేరిందా, కింద గుంటలో చేరిందా? పైన చేరిందంటే ఆ బెలూన్ కూడా చెత్తబుట్టే, గట్టి చోటుకి ఢోకా లేదు, ఆయన ఉపన్యాసంలో "దగ్గరకొచ్చాం, మీలో ఎవరికో దొరుకుతుంది" అని తలెత్తుకుని దిగిపోవచ్చు. కింద చేరిందంటే, ఆయన వెతికింది అక్కడ లేదు.

కవరుని హాల్లో బల్ల మీద పరిచి నన్ను పిలిచారు. కుట్టిన దాన్ని నేను కదా.

మా ఆయన వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. "చూడవోయ్. కుట్టు దగ్గర వదిలినట్టుంది కదా? ఆ రోజు ఆ గాలికి నువ్వు తొందరలో తొడిగావు. నేనే తొందరపెట్టాను."

తప్పు తన మీద వేసుకుంటూ మరీ నాకు దారి చూపిస్తున్నాడు. గొంతులో బతిమాలుతున్నట్టుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మనిషి నన్ను బతిమాలడం నేనెరగను.

నా కుట్టు మంచిదని ఒప్పుకోమని ఎన్నేళ్ళు కొట్లాడాను! ఆ రోజు మొదటిసారి, అది నిజంగా పాడైతే బాగుండునని కోరుకున్నాను. ఒక్క మాట చాలు. "అవునండీ, ఇక్కడ వదిలింది" అంటే అడిగే దిక్కు లేదు. మా కోడలు కూడా నమ్ముతుంది, నేనంటే దానికి అంత గురి. ఆ పిల్ల నావైపు చూడటం లేదు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని కాబోలు, కిటికీలోంచి మైదానం చూస్తోంది. చేతులు మాత్రం వెనక్కి కట్టుకుని గట్టిగా నలుపుకుంటోంది.

కుట్టు మీద వేలు పెట్టి చుట్టూ పోనిచ్చాను. మళ్ళీ ఇంకోసారి పోనిచ్చాను, ఎక్కడైనా ఒక్క పోగు లేచి ఉంటుందేమోనని. మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి, దేవులాడాను ఆ పోగు కోసం.

"కుట్టు బాగానే ఉంది" అన్నాను. "గుడ్డ చిరిగింది, ముల్లు తగిలి. చీలిక పక్కన లోపలంతా బురద. మబ్బులో బురదెక్కడిదండీ?"

మా ఆయన "ఊఁ" అన్నాడు. కవరు కొస పట్టుకుని కాసేపు చూసి, దాన్ని బల్ల మీద సాపుగా పరిచి, బయటికి వెళ్ళిపోయాడు. చెవులాయన, ఎవరిని అడుగుతున్నాడో తెలియకుండా, టీ తెమ్మంటారా అన్నాడు.

ఆ తర్వాతి రోజులు నేను పడ్డ అవస్థ ఇంకెవరికీ వద్దు. ఆయన కోప్పడితే నాకు బెంగ లేదు, నా నోరు నాకుంది. కోప్పడలేదు. పెట్టింది తిన్నాడు, అడిగిన దానికి జవాబు చెప్పాడు, మైదానం చుట్టూ తిరిగాడు. కొట్లో కూర్చుంటే సూదిలోకి దారం ఎక్కించడం కూడా చేతకాలేదు నాకు. మొగుడి తల తీసి పళ్ళెంలో పెట్టినదానిలా ఉంది నా పని.

మా కోడలు వచ్చి స్టూలు మీద కూర్చుంది. "అత్తయ్యా, వదిలిందని మీరు అని ఉంటే నేను నమ్మేదాన్ని."

"తెలుసు."

"మరి?"

"నమ్ముతావనే చెప్పలేకపోయాను" అన్నాను. ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. గెలిచినదానివి నువ్వు, ఏడవాల్సినదాన్ని నేను అని కసిరి, నేనూ ఏడ్చాను.

ఇంకో రోజు పొద్దున్నే మా ఆయన కేంద్రం సామాన్ల గదిలో దూరాడని చెవులాయన వచ్చి చెప్పాడు. వెళ్ళి చూస్తే పాత చుట్టలన్నీ కిందికి లాగి, వాటి మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు, చొక్కా నిండా దుమ్ము.

"ఏం వెతుకుతున్నారు?"

"తడివి."

"తడివి మీరు దాచలేదు కదండీ."

"అవును. మంచివే దాచాను." చేతిలో ఉన్న చుట్టని చూపించాడు. "ఇదిగో, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. మెరుపు పుట్టిన చోటికి దూరంగా పోయినవన్నీ పోగేసి, అందులో మెరుపు ఎలా పుడుతుందో వెతికాను. దగ్గరికి పోయినవాటిని నా చేత్తో చింపి పారేశాను. ఎన్నిసార్లు తడి అన్నానో గుర్తుందా నీకు?"

నాకు గుర్తుంది. ప్రతిసారీ గుర్తుంది. కానీ ఆ మొహం చూసి, "లేదు" అన్నాను. అబద్ధం ఆడాల్సిన చోట ఆడగలను నేను.

ఆయన ఆ చుట్టని ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు ఆ రోజు వదిలిందని అని ఉంటే నేను బతికిపోయేవాణ్ణోయ్" అన్నాడు.

 "అనాల్సిందంటారా?"

ఆయన ఒళ్ళో చుట్టని కింద పెట్టి, లేవడానికి చెయ్యి చాపాడు. పట్టుకుని లేపాను. మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, ఆ చుట్టల్ని మళ్ళీ వరసలో సర్దడం మొదలుపెట్టాడు. నేనూ ఒక్కొక్కటీ అందించాను. ఇద్దరం కలిసి పని ముగించాం.

ఉపన్యాసం రోజు హాలు కిక్కిరిసిపోయింది. ముందు వరసలో పై ఆఫీసు వాళ్ళు, వెనక ఇతర కేంద్రాల వాళ్ళు, కుర్రకారు గోడలకి ఆనుకుని. నేను ఆఖరి వరసలో, తలుపు పక్కన కుర్చీ చూసుకుని కూర్చున్నాను. ఆయన ఏం చెప్పబోతున్నాడో నాకు తెలియదు. రాసుకున్నది చూపించలేదు, నేను అడగలేదు. గట్టి చోటు దగ్గరకొచ్చాం అనే చెబుతాడేమో. చెబితే ఆ పిల్ల లేచి కాదనదు, అంత పెంపకం ఉంది దానికి. అనదు గానీ, ఇంకెప్పుడూ ఆయన్ని మావయ్యా అని మనసారా పిలవదు.  మా వాడు నా పక్క కుర్చీ ఖాళీ చేసి గోడ దగ్గరికి పోయాడు, నా ఊపిరి చప్పుడు భరించలేకపోతున్నానంటూ.

మా ఆయన లేచాడు. కాగితం ఏమీ తీయలేదు.

"ఈ ఉద్యోగంలో నేను వెతికింది ఒక్కటే, అది మీ అందరికీ తెలుసు. మబ్బులో గట్టి చోటు. ఈ కాలంలో మా పెట్టె, మెరుపు పుట్టిన చోటి పక్కకే వెళ్ళింది. గట్టి చోటు అక్కడ లేదు. ఉన్నది ఇంకోటి. కిరణాల లెక్క ముందు పెరిగింది, మెరుపు మెరవగానే పడిపోయింది. అలాంటివి నాకు ఇదివరకు కూడా వచ్చాయి. పెట్టె తడిసిందని చెప్పి వాటన్నిటినీ పారేశాను. ఎన్ని పారేశానో చెప్పలేను, ఎందుకంటే పారేశాను."

ముందు వరసలో ఎవరో దగ్గారు. ఆయన ఆగలేదు.

"అవి తడవలేదు. వాటి కవర్లు మా ఆవిడ కుట్టింది. అవి కారవు. కారతాయని ఈ హాల్లోనే అన్నాను కాబట్టి, ఈ హాల్లోనే వెనక్కి తీసుకుంటున్నాను." నలుగురూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను నేల చూశాను. "మెరుపు ఎలా పుడుతుందో మాకు ఇంకా తెలియదు. ఒక్క బెలూన్‌తో తేలేది కాదు. కానీ ఇకనుంచి ఎక్కడ వెతకాలో మా కోడలికి తెలుసు. మిగతాది ఆ అమ్మాయి చెబుతుంది. నాది అయిపోయింది."

బల్ల మీద ఉన్న గ్లాసెత్తి నీళ్ళు తాగి మెట్లు దిగాడు. ముందు వరసలో ఆయన కోసం పెద్ద కుర్చీ వేసి ఉంచారు. దాన్ని దాటాడు. వరసలన్నీ దాటుకుంటూ, దారిలో కాళ్ళు తొక్కిన వాళ్ళకి సారీ చెప్పుకుంటూ, వచ్చి మా వాడు ఖాళీ చేసిన కుర్చీలో నా పక్కన కూర్చున్నాడు. చెయ్యి నా చెయ్యి మీద పెట్టాడు. మంచుముక్కలా ఉంది ఆ చెయ్యి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, గర్వంతోనా, బాధతోనా అంటే ఇప్పటికీ చెప్పలేను.

వేదిక మీద మా కోడలు చుట్టని గోడకి అతికించింది. మాట పెగలడం లేదు. ఏదో మొదలుపెట్టింది, మాకు పెదాలు కదలడమే కనిపించింది.

మా ఆయన సగం లేచి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, హాలంతా వినపడేలా కేకేశాడు.

"గట్టిగా చెప్పమ్మా! వెనక మాకూ వినపడాలి."

ఆ పిల్ల గొంతు సర్దుకుని, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.